మందు పూసలు

చెరువు క్రింద సేద్యము చేయు రైతు నీటి విలువ నెరిగినవాడు. వానలు కురిసి చెరువు నిండినప్పుడు అతడు సంతోషించును. కాని ఆ నీరంతయు ఒక్కనాడే పొలము మీదికి వచ్చిపడవలెనని అతడు కోరడు. అట్లు వచ్చినచో పైరు మునిగి కుళ్లిపోవును. అటుపిమ్మట చుక్క నీరు లేక నేల బీటలు వారును. అందుచేతనే మన పూర్వులు చెరువుకట్టకు తూము నమర్చిరి. తూము నీటిని పూర్తిగా ఆపదు, ఒక్కసారిగా పోనీయదు. పైరునకు కావలసినంత నీటిని కావలసినన్ని దినములు కొలతగా వదలుచుండును. చెరువులో ఎంత నీరున్నను తూము సరిగా లేనిచో పంట చేతికి రాదు.

మనము మ్రింగు మందును గూర్చియు ఇదే మాట చెప్పవచ్చును. మందులో రోగమును కుదుర్చు శక్తి యున్నంతమాత్రమున చాలదు. అది శరీరములో తగిన చోట, తగిన వేళ, తగినంత మేరకు విడుదల కావలెను. అట్లయినచో మాత్రకు సైతము తూము నమర్చుట సాధ్యమా? సాధ్యమే యని నేటి ఔషధశాస్త్రము చెప్పుచున్నది. ఆ తూమును నిర్మించుటకు సముద్రపు నాచు, రొయ్యల పెంకులు, చింతగింజలు వంటి సామాన్య వస్తువులు పనికివచ్చుననుట వినుటకు వింతగా తోచును. ఆ వింత యెట్టిదో తెలిసికొందము.

మొదట మాత్రకు తూము ఎందులకో చూడవలెను. ఒక ఇంటిలో ఒక ముసలమ్మ యున్నదనుకొనుడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. వైద్యుడు ఆమెకు మాత్రలు వ్రాసియిచ్చి, ఉదయము, మధ్యాహ్నము, రాత్రి భోజనానంతరము ఒక్కొక్కటి మ్రింగవలెనని చెప్పెను. ఉదయపు మాత్రను ఆమె జ్ఞాపకముంచుకొని వేసికొనెను. మధ్యాహ్నము చుట్టములు వచ్చిన సందడిలో మరచిపోయెను. రాత్రి నొప్పి హెచ్చగా, “పగటిది కూడ ఇప్పుడే వేసికొన్నచో లెక్క సరిపోవును గదా!” యని తలంచి రెండు మాత్రలు కలిపి మ్రింగెను. నొప్పి తగ్గెను. కాని కడుపులో మంట పుట్టి తెల్లవారువరకు ఆమెకు నిద్ర లేకపోయెను.

ఆ ముసలమ్మను చూచి నవ్వుట తగదు. చదువుకొన్నవారు, పడుచువారు కూడ ఇట్లే చేయుచున్నారు. దీర్ఘకాలపు వ్యాధులు గలవారిలో, సంపన్నదేశములలో సైతము, సగటున సగముమంది మాత్రమే మందులను చెప్పిన ప్రకారము వాడుచున్నారని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నివేదికలో తెలిపెను. తక్కిన దేశములలో ఆ సంఖ్య ఇంకను తక్కువ యని కూడ ఆ నివేదికలో కలదు. మంచి మందు కనుగొనుట ఎంత కష్టమో, ఆ మందు వేళకు రోగి కడుపులో పడునట్లు చేయుట కూడ అంత కష్టమే.

మందును దినమునకు మూడు నాలుగు పర్యాయములు ఎందుకు వేసికొనవలెను? ఒక్కసారి వేసికొన్నచో చాలదా? చాలదు. మనము మ్రింగిన మాత్ర కడుపులోని ద్రవములలో కరగి, ప్రేగుల గోడల గుండ రక్తములో చేరును. రక్తము దానిని శరీరమంతట త్రిప్పును. కాని శరీరము మందును తనకు సంబంధించని వస్తువుగానే చూచును. కాలేయము దానిని మార్చివేయుచుండును. మూత్రపిండములు వెలుపలికి పంపివేయుచుండును. రక్తములోని మందు సగమగుటకు పట్టు కాలమును ఆ మందు యొక్క అర్ధాయువు అందురు. నొప్పులకు వాడు ఐబుప్రొఫెన్ అను మందు యొక్క అర్ధాయువు సుమారు 2 గంటలు. ఒకని శరీరములో 400 మిల్లీగ్రాముల మందున్నదనుకొందము. 2 గంటలకు అది 200 అగును. 4 గంటలకు 100. 6 గంటలకు 50. ఈ లెక్క ననుసరించియే వైద్యులు మరల ఎప్పుడు మాత్ర వేయవలెనో నిర్ణయింతురు.

రక్తములోని మందునకు రెండు హద్దులున్నవని భావింపుడు. క్రింది హద్దునకు తగ్గినచో మందు పనిచేయదు. పై హద్దును దాటినచో మందే విషమగును. మాత్ర వేసికొన్న కొంతసేపటికి మందు పైకెక్కును. పిదప క్రమముగా దిగిపోవును. మరల మాత్ర వేయగా మరల ఎక్కును. ఈ విధముగా దినమంతయు ఎక్కుడుదిగుడులే. శిఖరముల యొద్ద తలత్రిప్పు, వాంతి వంటి బాధలు. లోయల యొద్ద వ్యాధి తిరుగబెట్టుట. ఈ ఎత్తుపల్లములను చదునుచేసి, మందును రెండు హద్దుల నడుమ చాలసేపు నిలుపగలిగినచో రోగికి రెండు మేళ్లు కలుగును. బాధలు తగ్గును, మూడు మాత్రలకు బదులు ఒకటి చాలును. దీనినే నిలుకడగా మందును విడుదల చేయుట యందురు.

ఈ ఆలోచన నేటిది కాదు. 1884లో జర్మనీ దేశపు వైద్యుడు పాల్ ఉన్నా మాత్రలకు కెరటిన్ అను పదార్థమును పూతగా పూసెను. కొమ్ములు, గోళ్లు, వెండ్రుకలలో ఉండు పదార్థమే కెరటిన్. ఆ పూత కడుపులోని ఆమ్లమునకు కరగక ప్రేగులలో కరగవలెనని ఆయన ఉద్దేశము. మందును ఆలస్యముగా విడుదల చేయుటకు అది యొక మార్గము. 1952లో అమెరికాలోని స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ అను సంస్థ మరియొక అడుగు ముందునకు వేసెను. ఒక చిన్న గొట్టము వంటి గుళికలో వందలకొలది మందు రేణువులను నింపి, కొన్నిటికి పలుచని పూతను, కొన్నిటికి మందమైన పూతను పూసెను. పలుచని పూత గలవి ముందు కరగును. మందమైన పూత గలవి పిదప కరగును. ఒక్క గుళికతో పది పండ్రెండు గంటలు మందు లభించుట ఇట్లు సాధ్యమాయెను.

పూతలు పూయుటకును, మందును తనలో నిముడ్చుకొనుటకును ఒక తగిన పదార్థము కావలెను. అది నీటిలో వెంటనే కరగిపోరాదు. అట్లని రాయివలె గట్టిగా నుండరాదు. శరీరమునకు హాని చేయరాదు. ఈ లక్షణములు గల పదార్థముల కొరకు వెదకిన శాస్త్రజ్ఞుల దృష్టి పాలిమర్ల మీద పడెను. పాలిమర్ అనగా ఒకే విధమైన చిన్న అణువులు వందలు, వేలు కలిసి పూలదండవలె పొడవుగా ఏర్పడిన పెద్ద అణువు. ప్లాస్టిక్ మనుష్యుడు చేసిన పాలిమర్. కాని మనుష్యుని కంటె ముందుగా ప్రకృతియే ఈ దండలను గ్రుచ్చుట నేర్చినది. దూదిలోని సెల్యులోజు, బియ్యములోని పిండిపదార్థము, పట్టుదారము, చెట్ల బంకలు - ఇవి యన్నియు ప్రకృతి గ్రుచ్చిన దండలే.

అట్టి వానిలో ముఖ్యమైనది సముద్రపు నాచునుండి లభించు ఆల్జినేట్. దాని కథ మనోహరమైనది. స్కాట్లండు దేశపు తీరమున జనులు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన గోధుమవన్నె నాచును ప్రోగుచేసి కాల్చి, ఆ బూడిదను అమ్ముకొనెడివారు. గాజు, సబ్బు తయారుచేయుటకు ఆ బూడిదలోని క్షారములు ఉపయోగపడెడివి. పిమ్మట దానినుండి అయొడిన్ కూడ తీసెడివారు. ఎడ్వర్డ్ స్టాన్‌ఫర్డ్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని చూచెను. పిడికెడు బూడిద కొరకు నాచులోని తక్కిన పదార్థమునంతటిని పొగచేసి పోగొట్టుట ఆయనకు తప్పుగా తోచెను. నాచును కాల్చుటకు మారుగా సోడా నీటిలో నానబెట్టి చూచెను. అది చిక్కని జిగురుద్రవముగా మారెను. ఆ ద్రవమును వడియగట్టి ఆమ్లము కలుపగా మెత్తని ముద్ద యొకటి వేరుపడెను. అదియే ఆల్జినిక్ ఆమ్లము. ఈ విధానమునకు ఆయన 1881లో హక్కుపత్రమును పొందెను. ఇతరులు బూడిదను మాత్రమే చూచిన చోట ఆయన, కాలిపోవుచున్న దానిని చూచెను.

ఈ నాచు మన దేశమునకు క్రొత్త కాదు. తమిళనాడులోని మన్నారు సింధుశాఖలో సర్గాసమ్, టర్బినేరియా అను జాతుల గోధుమవన్నె నాచు పెరుగుచున్నది. వానినుండి ఆల్జినేట్ తీయుట మన దేశములో చాలకాలముగా జరుగుచున్నది. 1954లో గుజరాతులోని భావనగరమున నెలకొల్పబడిన కేంద్రీయ లవణ, సముద్ర రసాయనముల పరిశోధన సంస్థ సముద్రపు నాచులను గూర్చి విశేషముగా కృషి చేసినది.

ఆల్జినేట్ నుండి పూసలెట్లు తయారగును? దాని అణువు పొడవైన గొలుసు వంటిదని చెప్పుకొంటిమి. ఆ గొలుసు పొడవునను ఋణవిద్యుత్తు గల స్థానములున్నవి. సోడియమ్ ఆల్జినేట్‌లో ఒక్కొక్క స్థానమును ఒక్కొక్క సోడియమ్ అంటిపెట్టుకొని యుండును. సోడియమ్‌నకు ఒకే చేయి యున్నదనుకొనుడు. అది ఒక గొలుసును మాత్రమే పట్టుకొనగలదు. కనుక గొలుసులు విడివిడిగా నీటిలో ఈదుచుండును. ద్రవము తేనెవలె చిక్కగా నుండునే గాని గడ్డకట్టదు. కాల్షియమ్‌నకు రెండు చేతులున్నవి. అది ఒక చేతితో ఒక గొలుసును, రెండవ చేతితో మరియొక గొలుసును పట్టుకొనును. ఇట్లు వేలకొలది కాల్షియమ్‌లు గొలుసులను జతపరుపగా ద్రవము వలగా మారి క్షణములో గడ్డకట్టును. గొలుసుల వంపులలో కాల్షియమ్ కూర్చుండు తీరు, అట్టపెట్టె గుంటలలో గ్రుడ్లు అమరియుండు తీరును పోలియున్నదని 1973లో శాస్త్రజ్ఞులు వివరించిరి. నేటికిని దానిని గ్రుడ్లపెట్టె నమూనా యనియే పిలుచుచున్నారు.

దీనిని మీ పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయుని సమక్షమున మీరే చేసి చూడవచ్చును. 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల సోడియమ్ ఆల్జినేట్ పొడిని కొద్దికొద్దిగా చల్లుచు కలుపుడు. ఒక్కసారి వేసినచో ఉండలు కట్టును. కొన్ని గంటలు కదలింపక ఉంచినచో బుడగలు పోయి చిక్కని ద్రవము సిద్ధమగును. దానిలో బీటుదుంప రసము కొన్ని చుక్కలు కలుపుడు. వేరొక పాత్రలో 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల కాల్షియమ్ క్లోరైడును కరగింపుడు. ఎరుపు ద్రవమును చుక్కలు వేయు గొట్టములోనికి తీసికొని, కాల్షియమ్ నీటిలో చుక్క చుక్కగా జారవిడువుడు. ప్రతి చుక్కయు నీటిని తాకగానే గుండ్రని ఎర్రని పూసగా మారును! వెంటనే తీసి కోసినచో పైన చర్మము వంటి పొర, లోన ద్రవము కనబడును. కొంతసేపు ఉంచి కోసినచో లోనివరకు గట్టిపడి యుండును. కాల్షియమ్ వెలుపలినుండి లోనికి మెల్లగా ప్రవేశించుటయే దీనికి కారణము.

ఈ పూసలను వడియగట్టి, కడిగి, ఒక గ్లాసు మంచినీటిలో వేయుడు. వేరొక గ్లాసులో బీటుదుంప రసమును నేరుగా ఒక చుక్క వేయుడు. రెండవ గ్లాసులో రంగు తక్షణమే వ్యాపించును. మొదటి గ్లాసులో రంగు పూసలనుండి మెల్లమెల్లగా దిగుచుండును. ఆ రంగు స్థానమున మందు ఉన్నదనుకొనుడు. నిలుకడగా విడుదల యగుట యన నేమో మీ కన్నులకు కట్టినట్లు తెలియును. ఇంక కొన్ని పూసలను పలుచని వెనిగర్‌లో, మరికొన్నిటిని సోడియమ్ సిట్రేట్ కలిపిన నీటిలో వేసి చూడుడు. వెనిగర్‌లోనివి చెదరక నిలుచును. సిట్రేట్ నీటిలోనివి ఉబ్బి, మెత్తబడి, తుదకు కరగిపోవును. ఏలయన సిట్రేట్ గొలుసుల చేతినుండి కాల్షియమ్‌ను లాగివేయును. ఈ పూసలు ప్రయోగమునకే గాని తినుటకు కావని మరువరాదు.

వెనిగర్ పాత్రలో జరిగినదే కడుపులో జరుగును. కడుపులోని రసము బలమైన ఆమ్లము. ఆ ఆమ్లములో ఆల్జినేట్ కరగని ఆల్జినిక్ ఆమ్లముగా మారి, పూస ముడుచుకొని, మందును చాలవరకు తనలోనే ఉంచుకొనును. పూస ప్రేగులలోనికి దిగినంతనే పరిస్థితి మారును. అచ్చట ఆమ్లము విరిగిపోయి యుండును. సోడియమ్, ఫాస్ఫేటు లవణములు అధికముగా నుండును. సోడియమ్ మెల్లగా కాల్షియమ్‌ను తొలగించి ఆ స్థానమును ఆక్రమించును. ఫాస్ఫేటు ఆ కాల్షియమ్‌ను తన వైపునకు లాగుకొనును. వల కన్నులు పెద్దవగును. పూస నీటిని పీల్చి ఉబ్బును. మందు ఆ కన్నులగుండ వెలికి వచ్చుచుండును. తుదకు పూసయే అరగిపోవును. తూమునకు తలుపు తెరచువాడు ఎవడును లేడు. స్థలమే ఆ తలుపును తెరచుచున్నది.

ఒక పెద్ద మాత్రకంటె చిన్న పూసలు పెక్కింటిని ఇచ్చుటలో వేరొక మేలు కలదు. పెద్ద మాత్ర పగిలినచో మందంతయు ఒక్క చోటనే పడును. పూసలు ప్రేగుల పొడవునను చెదరి పోవును. వానిలో ఒకటి రెండు చెడినను తక్కినవి తమ పని చేయుచుండును. ఊరికి ఒకే పెద్ద చెరువున్న దానికంటె పది కుంటలున్నచో, ఒక కుంటకు గండిపడినను ఊరు మునగదు గదా!

పూసలు తయారైనంత మాత్రమున మందుగా వాడుటకు వీలులేదు. వానిని పరీక్షింపవలెను. ప్రయోగశాలలో ఒక గాజుపాత్రలో సాధారణముగా 900 మిల్లీలీటర్ల ద్రవమును పోసి, మన శరీరపు వేడిమియైన 37 డిగ్రీల యొద్ద నిలిపి, తెడ్డు వంటి పరికరముతో నిమిషమునకు 50 చుట్ల చొప్పున త్రిప్పుదురు. మొదటి 2 గంటలు కడుపును పోలిన ఆమ్లము. పిమ్మట ప్రేగులను పోలిన ద్రవము. కొంత కొంత వ్యవధికి చెంచెడు ద్రవమును తీసి, దానిగుండ కాంతిని ప్రసరింపజేసి, ఎంత మందు విడుదలయైనదో లెక్కకట్టుదురు. ఇట్టి పరీక్షలలో నెగ్గినవానిని జంతువులలోను, పిదప మనుష్యులలోను పరీక్షింతురు. గాజుపాత్రలో బాగుగా పనిచేసినది కడుపులో పనిచేయకపోవచ్చును. గాజుపాత్ర అన్నము తినదు, జ్వరపడదు, ఒక్కొక్కనాడు ఒక్కొక్క రీతిగా ఉండదు.

ఆల్జినేట్ పూసలకు లోపములు లేకపోలేదు. వాని వల కన్నులు నీటిలో తేలికగా కరగు చిన్న అణువులకు చాల పెద్దవి. అట్టి మందు పూసను చేయునప్పుడే కాల్షియమ్ నీటిలోనికి కొంత జారిపోవును. మిగిలినది ప్రేగులలో త్వరగా బయటపడును. ఈ కన్నులను చిన్నవి చేయుటకు శాస్త్రజ్ఞులు వేరొక ప్రకృతి పదార్థము సాయము తీసికొనుచున్నారు. రొయ్యల పెంకులలోను, పీతల పెంకులలోను కైటిన్ అను పాలిమర్ కలదు. దానిని గాఢమైన క్షారముతో కాచగా కైటోసాన్ లభించును. ఆమ్లములో కరగినప్పుడు కైటోసాన్‌కు ధనవిద్యుత్తు గల స్థానము లేర్పడును. ఆల్జినేట్‌కు ఋణవిద్యుత్తు గదా! రెండును ఒకదాని నొకటి ఆకర్షించి పూస చుట్టును బిగువైన చర్మముగా ఏర్పడును. మన ఆంధ్ర తీరము రొయ్యల పెంపకమునకు దేశములో పేరెన్నికగన్నది. పెంట కుప్పలలో పడి దుర్గంధము క్రమ్ము పెంకులు మందు పూసలకు కవచము కాగలవనుట ఎంత ఆశ్చర్యకరము!

చింతగింజ కూడ ఈ పనికి ముందునకు వచ్చినది. చింతగింజల పప్పును పొడిచేసి ఉడికించిన జిగురు మన వారికి చిరకాలముగా తెలిసినదే. కొండపల్లి బొమ్మలు చేయువారు రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి, ఆ ముద్దతో బొమ్మల అంగములను అతుకుదురు. నేతపని వారు నూలునకు గంజి పెట్టుటకును దీనిని వాడుదురు. ఈ జిగురును ఆల్జినేట్‌తో కలిపి పూసలు చేసి పరిశోధకులు పరీక్షించియున్నారు. బెండకాయ జిగురును, మెంతుల జిగురును కూడ అట్లే పరీక్షించిరి. మన అడవులలో లభించు తపసి బంక, కొండగోగు బంక మీదను పరిశోధనలు జరిగినవి. విశాఖపట్టణము కేంద్రముగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అట్టి బంకలను గిరిజనులనుండి కొనుచున్నది. అయితే ఆశకొలది చెట్టునకు లోతుగా గాట్లు పెట్టినచో బంక రెండేండ్లు వచ్చును. పిదప చెట్టే చచ్చును. ప్రకృతినుండి తీసికొనువాడు ప్రకృతికి బ్రతుకు మిగుల్పవలెను.

ప్రకృతిసిద్ధమైన దంతయు మేలైనదేనని తలంపరాదు. ఉమ్మెత్తకాయ కూడ ప్రకృతిసిద్ధమే. ప్రకృతి పాలిమర్లు శరీరమునకు సాధారణముగా హాని చేయవు; నీటితోనే పూసలు చేయవచ్చును గాన ఘాటైన ద్రావకములతో పని లేదు; మట్టిలో కలిసి నశించును. ఇవి వాని సుగుణములు. కాని వానకాలపు బంక వేసవి బంకవలె ఉండదు. ఒక తీరపు నాచు వేరొక తీరపు నాచువలె ఉండదు. సూక్ష్మజీవులు చేరి పాడుచేయు భయమును కలదు. మందునకు కావలసినది నేటి పూస నిన్నటి పూసవలెనే ఉండుట. అందుచేత ఆల్జినేట్ పూసలతో చేయు మింగు మందులు అనేకము నేటికిని ప్రయోగశాలలలోనే ఉన్నవి. అంగడిలో మనకు లభించు నిలుకడ మాత్రలలో పెక్కింటికి సెల్యులోజును రసాయనికముగా మార్చి చేసిన పదార్థము ఆధారము. అది నీటితో తడిసి మాత్ర చుట్టును జిగురు పొరయై మందును మెల్లగా వదలును. ఆల్జినేట్ మాత్రము వేరు విధముల వైద్యములో స్థిరపడినది. పుల్లని త్రేన్పులకు ఇచ్చు కొన్ని మందులలో అది కడుపులోని రసము మీద తెప్పవలె తేలి మంటను పైకి రానీయదు. దంతవైద్యుడు పండ్ల అచ్చు తీయు ముద్దలోను, పుండ్లకు వేయు కొన్ని కట్లలోను అదియే ఉన్నది.

ఇంక మనము మొదట చూచిన ముసలమ్మ సంగతి. కొంతకాలమునకు వైద్యుడు ఆమెకు దినమునకు ఒక్కటే వేసికొను నిలుకడ మాత్రను వ్రాసెను. మాత్ర పెద్దదిగా నుండెను. ఆమె దానిని చూచి, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమని పిలిచి, “నాయనా, ఇది నా గొంతు దిగునట్లు లేదు. కల్వములో నూరి తేనెలో కలిపి ఈయరా” అనెను. పిల్లవాడు కల్వము తెచ్చెను. మాత్రను పొట్లమునుండి తీయబోవుచు, మందు పేరు ప్రక్కన “ఎస్.ఆర్.” అను అక్షరములుండుట చూచెను. “నాయనమ్మా, కొంచెము తాళుము. ఈ అక్షరములకు అర్థమేమో కనుగొని వచ్చెదను” అని మందుల దుకాణమునకు పరుగెత్తెను. దుకాణములోని ఔషధజ్ఞుడు అతని మాట విని, “మంచిపని చేసితివి. ఇది దినమంతయు మెల్లగా వదలవలసిన మందు. నూరినచో ఒక్క గడియలో అంతయు రక్తములో పడును. వైద్యునితో చెప్పి వేరు రూపములో ఉన్న మందు వ్రాయించుకొనుడు” అని చెప్పెను. ఆ సాయంకాలము వైద్యుడు మందు మార్చెను.

ఆ బాలుడు చేసిన పని చిన్నది. తప్పించిన ప్రమాదము చిన్నది కాదు. నిలుకడ మాత్రను నూరుట చెరువునకు గండికొట్టుట వంటిది. ఒక దినమునకు సరిపడు మందు ఒక్కసారి వచ్చిపడును. కొన్ని మందుల విషయములో అది ప్రాణాంతకము. 2005లో అమెరికాలో బలమైన నొప్పిమందు గల ఒక నిలుకడ గుళికను అమ్మకమునుండి తొలగించిరి. మద్యముతో కలిసినప్పుడు దాని తూము చెడి మందంతయు ఒక్కసారి విడుదల యగుచున్నదని తేలెను.

కనుక కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. మందు పేరు ప్రక్కన ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఆర్., సి.ఆర్. అను అక్షరములున్నచో ఆ మాత్రను నమలరాదు, నూరరాదు. విరుగగొట్టుట, గుళిక విప్పి చల్లుకొనుట వైద్యుడో ఔషధజ్ఞుడో చెప్పినప్పుడే చేయవలెను. ఒక పూట మరచినచో రెండు మాత్రలు కలిపి వేసికొనరాదు. కొన్ని నిలుకడ మాత్రల ఖాళీ డొల్ల మలములో కనబడవచ్చును. మందు అప్పటికే శరీరములో చేరియుండును గాన భయపడనక్కరలేదు. నొప్పిమందు పూసలో ఉన్నంతమాత్రమున కడుపునకు హాని పూర్తిగా తప్పదు. కొన్ని నొప్పిమందులు రక్తము ద్వారా కూడ కడుపు పొరను బలహీనపరచును. అందుచేత ఎంత మంచి పూసయైనను వైద్యుని మాటకు బదులు కాజాలదు.

సముద్రము ఒడ్డున విసరిన నాచు, వంటింటిలో పారవేసిన గింజ, రొయ్య విడిచిన పెంకు - వీనిలో దాగియున్న గుణములను ఓర్పుతో వెదకినవారు మనుష్యుని బాధను తగ్గించు మార్గమును కనుగొనుచున్నారు. వారు తూమును నిర్మింతురు. దానికి గండి పడకుండ కాపాడుట మాత్రము మందు చేతపట్టుకొన్న మన వంతు. మీ ఇంట పెద్దలకు మందు అందించు చేయి తరచుగా మీదే. అందించుటకు ముందు పొట్లము మీది అక్షరములను ఒక్కసారి చదువుడు.